కరణంగారి పెట్టె, ఒక జేడీబీసీ కనెక్షను

ఈ మధ్య ఆఫీసులో ఒక పని నా నెత్తిన పడింది. వినడానికి చాలా చిన్న పని. క్లయింటు దగ్గర ఇరవయ్యేళ్ళ నాటి రిలేషనల్ డేటాబేసు ఒకటుంది. వాళ్ళ ఖాతాదారుల వివరాలన్నీ అందులోనే. ఇన్నాళ్ళూ ఏ అప్లికేషను లాగిన్ దానిదే అన్నట్టు బండి నడిచింది. ఇప్పుడు అన్నిటికీ కలిపి ఒకటే యాక్సెస్ మేనేజ్‌మెంట్ టూల్ పెట్టుకుంటామన్నారు. ఆ టూలుని ఈ డేటాబేసుకి కలపాలి. అంతే.

"ఇదేముంది, ఒక జేడీబీసీ స్ట్రింగు ఇచ్చి, యూజర్ టేబులు ఏదో చూపిస్తే అయిపోతుందిగా. రెండ్రోజులు చాలవా?" అన్నాడు మా మేనేజరు. నేనూ చాలనే అనుకున్నాను. ఏడు వారాలు పట్టింది.

కనెక్షను నిజంగానే ఒక పూటలో కుదిరింది. ఈ టూళ్ళు చాలావరకు ఎల్‌డ్యాప్ డైరెక్టరీ అలవాటుతో పుట్టినవి. వాటికి చెట్టులాగా కొమ్మలూ రెమ్మలూ ఉంటే హాయి. మనవేమో టేబుళ్ళు. కీక్లోక్ లాంటి వాటిలోనూ ఎల్‌డ్యాప్‌కి తలుపు రెడీగా ఉంటుంది గానీ, సొంత డేటాబేసుకి మాత్రం మనమే ఒక ప్రొవైడరు రాసుకోవాలి. రాశాను. పేర్లన్నీ తెర మీదకొచ్చేశాయి. అసలు గొడవ అక్కణ్ణించి మొదలైంది.

టేబుల్లో 'స్టేటస్' అని ఒక కాలమ్ ఉంది. అందులో విలువలు మూడే: 1, 2, 9. ఒకటి అంటే ఖాతా నడుస్తున్నవాళ్ళు. రెండు అంటే మూసేసుకుని వెళ్ళిపోయినవాళ్ళు. తొమ్మిది అంటే ఏమిటో ఎవరికీ తెలీదు. వాళ్ళని లోపలికి రానివ్వాలా వద్దా? ఎక్కడా రాసి లేదు. "అది ఒకాయనకి తెలుసండీ, ఆయన రిటైరైపోయారు" అన్నారు.

ఆ మాట వినగానే నాకు మా తాత గుర్తొచ్చాడు.

మా తాత కరణం. మా ఊరు చీపురుపల్లి నించి రాజాం వెళ్ళే దారిలో ఉంటుంది. 1950 దాకా విశాఖపట్నం జిల్లా, అప్పణ్ణించి శ్రీకాకుళం జిల్లా, 1979లో విజయనగరం జిల్లా. ఊరు అంగుళం కదలకుండానే జిల్లా రెండుసార్లు మారింది. తాత దగ్గరున్న లెక్కలు మాత్రం మారలేదు. నడవలో ఒక పెద్ద చెక్క పెట్టె, దాన్నిండా అడంగళ్ళు, చిట్టాలు, సర్వే నకళ్ళు. తాళం చెవి ఆయన మొలతాడుకి ఉండేది.

అడంగలు అంటే తెలియనివాళ్ళకి ఒక ముక్క. ఊళ్ళో ప్రతి సర్వే నంబరుకీ ఒక వరస ఉంటుంది. విస్తీర్ణం ఎంత, పట్టా ఎవరి పేర్న ఉంది, నిజంగా సాగు చేస్తున్నది ఎవరు, ఏ పంట, నీరు ఎక్కణ్ణించి, అన్నీ గళ్ళు గీసి రాస్తారు. ఏడాదికో పుస్తకం. ఆ ఏడాది కూడా మన ఏడాది కాదు, ఫసలీ. జూలైలో మొదలై జూన్‌లో అయిపోతుంది. మన టేబులుకి ఇంతకంటే ఏం కావాలి? సర్వే నంబరూ సబ్ డివిజనూ కలిపితే ప్రైమరీ కీ. పట్టాదారు ఒక కాలమ్, సాగుదారు ఇంకో కాలమ్. ఈ రెండు కాలమ్‌లలో ఒకే పేరుంటే గొడవ లేదు. వేర్వేరు పేర్లున్న చోటే ఊళ్ళో తగాదాలన్నీ.

నేను చిన్నప్పుడు చూసిన దృశ్యం ఒకటి చెప్తాను. చీకటి పడ్డాక ఒక రైతు వచ్చి వీధరుగు కింద నించున్నాడు. "బాబూ, నా బూవి నా పేర్నే ఉందో నేదో ఓపాలి సూడండి" అన్నాడు. తాత పెట్టె తియ్యలేదు. "పగలు రా, మునసబుగారు కూడా ఉంటారు, అప్పుడు చూద్దాం" అని పంపేశాడు. "చూసి చెప్తే ఏం పోయింది తాతా?" అని అడిగితే, "చీకట్లో పెట్టె తీశానని తెలిస్తే చాల్రా, ఏదో దిద్దానంటారు" అన్నాడు. ఆడిట్ లాగ్ అంటే ఏమిటో నాకు మొదట అర్థమైంది అక్కడే. పేరు తెలియడానికి ఇంకో ఇరవయ్యేళ్ళు పట్టింది.

అలాగని కరణాలందరూ మా తాతల్లాగే ఉండేవారని చెప్పను. సుమతీ శతకంలోనే కరణాల మీద పద్యాలున్నాయంటే వాళ్ళ పేరు ప్రతిష్ఠలు ఎలాంటివో ఊహించుకోండి. ఒక్క కలం గీతతో పొలం చేతులు మారిన కథలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. డేటా, దాన్ని మార్చే అధికారం, దాన్ని చూపించే అధికారం, మూడూ ఒకే మనిషి మొలతాడుకి కట్టి ఉంటే అంతే మరి. ఈ చిక్కు ఇవాళ కంప్యూటర్లతో పుట్టింది కాదు. మా జిల్లాల చరిత్ర రెండొందల ఏళ్ళుగా దీని చుట్టూనే తిరిగింది.

మొదటి అంకం 1802. అప్పటికి ఎనిమిదేళ్ళ ముందు, 1794లో, పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు చిన విజయరామరాజు కుంపిణీ సేనల చేతిలో చనిపోయాడు. తర్వాత ఆయన కొడుకు నారాయణబాబుకి ఎస్టేటు తిరిగిచ్చారు. 1802లో పర్మనెంట్ సెటిల్‌మెంటు వచ్చింది. విజయనగరం ఎస్టేటు కింద 24 పరగణాలు, 1157 ఊళ్ళు. ఏటా కట్టాల్సిన పేష్కషు 5 లక్షలు. శాశ్వతంగా ఇంతే, పెంచం అన్నారు. ఇది అందరికీ తెలిసిన 25వ రెగ్యులేషను.

చాలామంది పట్టించుకోనిది అదే ఏడు వచ్చిన 29వ రెగ్యులేషను. అది ప్రత్యేకంగా కరణాల గురించి. జమీందారీ ఊళ్ళలో కూడా కరణం ఉండి తీరాలి, పదవి వంశపారంపర్యం, జమీందారు తనంతట తాను కరణాన్ని తీసెయ్యకూడదు, తియ్యాలంటే కోర్టు తీర్పు కావాలి. ఎందుకంటారా? శిస్తు వసూలు చేసుకునేది జమీందారు. ఎవరి దగ్గర ఎంత భూమి ఉంది, ఎంత కట్టారు అని రాసేది కరణం. రాసేవాడు వసూలు చేసేవాడి దయ మీద బతికితే లెక్క ఎటు వంగుతుందో కుంపిణీ వాళ్ళకి తెలుసు. ఊళ్ళో కూడా అంతే, మునసబు వసూలు చేస్తాడు, కరణం రాస్తాడు. మనం ఇప్పుడు సెపరేషన్ ఆఫ్ డ్యూటీస్ అని స్లైడ్లు వేసి చెప్పేది ఇదే.

కాయితం మీద బాగానే ఉంది. కానీ కరణం ఆ ఊళ్ళోనే బతకాలి, జమీందారుకి ఎదురు తిరిగి బతకడం కష్టం. పైగా కరణాన్ని జమీందారు నుంచి కాపాడారు గానీ, రైతుని కరణం నుంచి కాపాడే ఏర్పాటు ఆ రెగ్యులేషన్లో గట్టిగా లేదు. అడ్మిన్ ఖాతాకి తాళం వేశారు. ఆ అడ్మిన్ ఏం చేస్తున్నాడో చూసేవాడు లేడు.

మైదానం కథ ఇలా ఉంటే, మా ఊరికి ఉత్తరాన పార్వతీపురం దాటాక కొండల్లో కథ ఇంకోలా నడిచింది. అక్కడ సవరలు, జాతాపులు ఉంటారు. 1839లో కుంపిణీ ప్రభుత్వం ఒక చట్టం చేసి గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలని మామూలు కోర్టుల కింద నుంచి తప్పించింది. కలెక్టరే అక్కడ గవర్నరుకి ఏజెంటు. 'ఏజెన్సీ' అని మనం ఇప్పటికీ అనే మాట అక్కణ్ణించి వచ్చిందే. 1917లో ఇంకో చట్టం తెచ్చారు. కొండజాతివాడు తన భూమిని బయటివాడికి ఇవ్వాలంటే ఏజెంటు రాతపూర్వక అనుమతి ఉండాలి, లేకపోతే ఆ బదిలీ చెల్లదు.

మన భాషలో చూస్తే ఇది చక్కటి యాక్సెస్ పాలసీ. ఎవరు, దేని మీద, ఏం చెయ్యొచ్చు, ఎవరి అనుమతితో, అన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఆ పాలసీ చూసుకోవడానికి ఒక టేబులు. కొండల్లో చాలాచోట్ల సర్వేనే జరగలేదు. ఏ పోడు ఎవరిది, ఏ పల్లం ఎప్పుడు షావుకారు చేతిలోకి పోయింది అని రాసి పెట్టిన పుస్తకం లేదు. అప్పు కింద పంట పోయింది, పంట తర్వాత పొలం పోయింది. బదిలీ జరిగినట్టు కాయితమే లేనప్పుడు, అనుమతి లేని బదిలీ చెల్లదు అనే చట్టం ఎవరిని పట్టుకుంటుంది? రూలు ఉంది, డేటా లేదు, కనెక్షను అసలే లేదు.

1959లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ చట్టం స్థానంలో 1959 నాటి ఒకటో రెగ్యులేషను తెచ్చింది. దాన్ని అమలు చెయ్యడానికి కావాల్సిన నిబంధనలు 1969లో గానీ రాలేదు. పదేళ్ళు. మన ప్రాజెక్టుల్లో డిజైను సైనాఫ్ అయిపోయి కోడు రాయడం మర్చిపోయినట్టన్నమాట. ఈ పదేళ్ళలో కొండల్లో ఏం జరిగిందో చరిత్రే చెప్తుంది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం సభకి నడిచి వెళ్తున్నవాళ్ళ మీద లేవిడి దగ్గర భూస్వాముల పక్షం కాల్పులు జరిపింది. కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాతిదే అందరూ విన్న శ్రీకాకుళం పోరాటం. ఆ ఉద్యమ మార్గం మీద ఎవరి అభిప్రాయాలు వాళ్ళకుంటాయి, ఆ వాదన ఇక్కడ పెట్టను. కానీ దాని వేళ్ళు భూమిలో ఉన్నాయనీ, ఆ భూమిని కాపాడాల్సిన రూలు కాయితం మీద 1917 నుంచే ఉందనీ మర్చిపోకూడదు.

1970 ఫిబ్రవరిలో 1/70 వచ్చింది. ఏజెన్సీలో వ్యాపారం చేసేవాళ్ళకీ, లాయర్లకీ, గిరిజనులకీ 'వన్ ఆఫ్ సెవెంటీ' అనే పేరు కంఠతా వచ్చు. అది చేసిన మార్పు ఇంజనీర్లమైన మనకి బాగా అర్థమవ్వాలి. అంతకుముందు భూమి తనదని, అక్రమంగా పోయిందని గిరిజనుడు నిరూపించుకోవాలి. 1/70 దాన్ని తలకిందులు చేసింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి దగ్గర్నించి వచ్చిందనే ముందుగా అనుకుంటారు. కాదని నిరూపించుకునే భారం గిరిజనేతరుడిది. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మడానికి కూడా వీల్లేదు.

అంటే డిఫాల్ట్ అలౌ నుంచి డిఫాల్ట్ డినైకి మారింది. డేటా లేదని తెలిసినప్పుడు, ఆ లేకపోవడం వల్ల వచ్చే నష్టం ఎవరు భరించాలి అన్నది ఒక నిర్ణయం. 1970 దాకా ఆ నష్టం గిరిజనుడిది. తర్వాత, కనీసం చట్టంలో, అవతలివాడిది. 1988లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. 1997లో సమత కేసులో ఇంకో అడుగు ముందుకేసి, ఆ రెగ్యులేషన్లో 'వ్యక్తి' అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందంది. కాబట్టి ప్రభుత్వం కూడా అక్కడి భూమిని గిరిజనేతరులకి గనుల లీజుకి ఇవ్వకూడదు. ఒక్క ఫీల్డుకి అర్థం ఏమిటన్న దాని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు చూడండి. నేను 'తొమ్మిది' గురించి ఏడు వారాలు తిరిగితే తప్పేముంది?

ఇక్కడ ఒక తమాషా. 1/70 వచ్చిన నాలుగు నెలలకి, 1970 జూన్‌లో, అమెరికాలో ఐబీఎంలో పని చేస్తున్న ఈడ్గర్ కాడ్ రిలేషనల్ మోడల్ మీద తన పేపరు అచ్చువేశాడు. మన అన్నం గిన్నె ఆ పేపరే. డేటా లోపల ఎలా పేర్చి ఉందో వాడుకునేవాడు తెలుసుకోనక్కర్లేకుండా చెయ్యాలన్నది అందులో ముఖ్యమైన సంగతి. ఎవరికి ఏ అధికారం అన్న ప్రశ్న దాని వెనకాలే వచ్చింది. 1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు రాసిన పేపర్లో, అనుమతి ఉందని తేలితేనే లోపలికి రానివ్వు, లేదంటే వద్దు అన్న సూత్రం పెట్టారు. 1976లో ఐబీఎం సిస్టమ్ ఆర్ ప్రాజెక్టులో గ్రిఫిత్స్, వేడ్ ఇద్దరూ మనం రోజూ కొట్టే గ్రాంట్, రివోక్‌లు ఎలా పని చెయ్యాలో రాశారు. వీళ్ళెవరూ పార్వతీపురం కొండలు చూసుండరు. కొండల్లోవాళ్ళకి వీళ్ళు తెలిసే అవకాశమే లేదు. అయినా రెండు చోట్లా తేలింది ఒకటే. రూలు లేని డేటా ప్రమాదం, డేటా లేని రూలు దండగ.

సరే, మళ్ళీ మా ఊరొద్దాం. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కరణం, మునసబు పదవులన్నీ రద్దు చేసింది. ఫసలీ 1393 సగంలో ఉంది. తమిళనాడులో అంతకు మూడు నాలుగేళ్ళ ముందే ఇలాంటి పని జరిగింది. కరణాలు కోర్టుకెళ్ళారు. 1985లో సుప్రీంకోర్టు టి. వెంకటరెడ్డి కేసులో ఆర్డినెన్సు చెల్లుతుందని తేల్చేసింది. ఈ రద్దు మంచిదా చెడ్డదా అంటే, వంశపారంపర్య పదవి పోవాల్సిందే అని మా ఇంట్లో కూర్చునే నేను ఒప్పుకుంటాను. మా తాత చచ్చేదాకా ఒప్పుకోలేదు.

పెట్టెలో పుస్తకాలన్నీ లెక్కపెట్టి అప్పగించి రసీదు తీసుకున్నాడాయన. రసీదులో పుస్తకాల సంఖ్య ఉంది. ఆయనకి తెలిసినది లేదు. కొన్ని వరసల పక్కన ఎర్ర సిరాతో 'త' అని చిన్న అక్షరం ఉండేది. తగాదా అని. అన్నదమ్ముల మధ్యో, పాలివాళ్ళ మధ్యో కేసు ఉంది, తేలేదాకా ఎవరికీ ఏ నకలూ తొందరపడి ఇవ్వొద్దు అని ఆయన పెట్టుకున్న గుర్తు. ఆ 'త' ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు. పుస్తకాలు తీసుకెళ్ళినవాళ్ళు అడగలేదు, తాత చెప్పలేదు. అడగలేదన్న కోపం ఆయనది.

తర్వాత గ్రామ లెక్కలు ఎంతమంది చేతులు మారాయో చూడండి. గ్రామ పరిపాలనాధికారులు వచ్చారు, 2002 ప్రాంతంలో పంచాయతీ కార్యదర్శులు, 2007లో వీఆర్వోలు. మనిషి మారినప్పుడల్లా పుస్తకాలు బదిలీ అయ్యాయి. వాటి వెనకున్న అర్థం కొంచెం కొంచెం కారిపోయింది.

ఇంకోపక్క కంప్యూటర్లు వచ్చాయి. 1998 నవంబరులో కార్డ్ అనే ప్రాజెక్టు కింద రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టారు. అప్పట్లో దేశమంతా చెప్పుకున్నారు. కానీ ఒక మెలిక ఉంది. మన దేశంలో 1908 నాటి చట్టం ప్రకారం సబ్ రిజిస్ట్రారు రిజిస్టరు చేసేది దస్తావేజుని, హక్కుని కాదు. భూమి ఎవరిదో రాసేది రెవెన్యూ శాఖ. దస్తావేజుల డేటాబేసు ఒకరిది, భూమి రికార్డు ఇంకొకరిది. ఇక్కడ అమ్మకం జరిగితే అక్కడ పేరు మారాలని లేదు. అక్కడ ప్రభుత్వ భూమి అని ఉంటే ఇక్కడ ఆపాలని లేదు.

ఈ రెంటినీ కలపడానికి వేసిన ముఖ్యమైన వంతెన రిజిస్ట్రేషన్ చట్టంలో 22-ఎ సెక్షను. ఇప్పుడున్న రూపంలో 2007లో వచ్చింది. ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, సీలింగు మిగులు భూములు, పేదలకి అసైన్ చేసినవి, ఇలాంటివాటి జాబితా తయారుచేసి పంపుతారు. ఆ జాబితాలో ఉన్న నంబరు మీద దస్తావేజు వస్తే రిజిస్టరు చెయ్యరు. డేటాబేసు ఒక చోట, అనుమతి ఇంకో చోట, మధ్యలో ఒక లిస్టు. అచ్చంగా నా ప్రాజెక్టే. మంచి ఉద్దేశంతో పెట్టిందే. చెరువులూ, అసైన్‌మెంటు భూములూ కాపాడాలంటే ఇలాంటి గేటు కావాలి.

ఆ గేటు దగ్గర మా చిన్నాన్న ఇరుక్కున్నాడు.

మా చెల్లి పెళ్ళికని అరవై సెంట్లు అమ్ముదామనుకున్నాడు. బేరం కుదిరింది, బయానా తీసుకున్నాడు. రిజిస్ట్రేషను రోజున ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందని చెప్పి పంపేశారు. ఏ ఆఫీసో, ఎవరో చెప్పను, కౌంటరు దగ్గర కూర్చున్నవాళ్ళ తప్పు కూడా కాదు. రాత్రి నాకు ఫోను చేశాడు. "ఏట్రా ఇది? కంప్యూటరు కాదంటే కాదట. తాతముత్తాతల నాటి పొలం గవర్నమెంటుదట. నువ్వూ ఆ పనే కదా చేస్తున్నావు, దానికి ఏటి చెప్పాలో నువ్వే చెప్పు."

తవ్వగా తేలింది ఏమిటంటే, ఆ సర్వే నంబరు మొత్తం 11 ఎకరాల 40 సెంట్లు. అందులో ఒక గెడ్డ పారుతుంది. గెడ్డ కింద 70 సెంట్లు పోరంబోకు. మిగతాదంతా జిరాయితీ. జమీందారీ రద్దు తర్వాత జరిగిన సర్వేలో గెడ్డకి ఒక సబ్ డివిజన్, పొలాలకి అయిదు సబ్ డివిజన్లు ఇచ్చారు. జాబితా తయారుచేసినప్పుడు గెడ్డ సబ్ డివిజన్ ఒక్కటే ఎక్కించాలి. కానీ సబ్ డివిజన్ గడి ఖాళీగా వదిలేసి మాతృ నంబరు ఎక్కించారు. కంప్యూటరు ఏం చేస్తుంది పాపం, ఖాళీ అంటే అన్నీ అనుకుంది. 70 సెంట్ల గెడ్డ కోసం తొమ్మిది కుటుంబాల పొలాలకి తాళం పడింది.

ఇక్కడ నేను ఒక విషయం దాచకూడదు. పైన 1/70ని మెచ్చుకుంటూ డిఫాల్ట్ డినై మంచిదన్నాను. మా చిన్నాన్నని ఆపింది కూడా డిఫాల్ట్ డినైయే. మరి తేడా ఏమిటి? చాలా రోజులు ఆలోచించాను. 1/70 కింద ఆపినప్పుడు ఎందుకు ఆపారో, ఎవరి మేలు కోసం ఆపారో చట్టంలోనే ఉంది. కాదనుకుంటే నిరూపించుకోవడానికి స్పెషల్ డిప్యూటీ కలెక్టరు కోర్టు ఉంది. మా చిన్నాన్నకి తెర మీద కనిపించింది ఒక్క ముక్క, 'నిషేధితం'. ఎవరు ఎక్కించారు, ఎప్పుడు, ఏ కారణం మీద, ఎవరిని అడగాలి, ఏమీ లేదు. వద్దనడం కన్నా, ఎందుకు వద్దో చెప్పకపోవడమే మనిషిని చంపేస్తుంది.

కలెక్టరుకి దరఖాస్తు పెట్టుకుంటే చివరికి సరిచేశారు. ఎనిమిది నెలలు పట్టింది. గెలిపించింది ఏమిటో తెలుసా? తాత ఎప్పుడో చేత్తో దించి, చిన్నాన్నకిచ్చిన సబ్ డివిజన్ నకలు. ఏ సబ్ డివిజన్ ఏ కాయితంలో ఉందో దాన్ని బట్టే ఆఫీసులో అసలు వెతికి పట్టుకున్నారు. ఈలోగా పెళ్ళి ఆగదు కదా. నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి చేశాడు. ఆ అప్పు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. డేటాలో ఒక నల్ విలువ ఎంతని ఎవరైనా అడిగితే నేను లెక్కగట్టి చెప్పగలను.

అందుకని ఆఫీసులో 'తొమ్మిది' దగ్గర మొండికేశాను. "రెండు కాకపోతే అందర్నీ రానిచ్చెయ్, గోల వదిలిపోతుంది" అని ఒక సలహా వచ్చింది. "ఒకటి కాకపోతే అందర్నీ ఆపెయ్, సేఫ్" అని ఇంకొకటి. రెండూ తెలియని దాన్ని తెలిసినట్టు నటించడమే. నేను మూడు పనులు చేశాను. మొదటిది, టూలుకి అసలు టేబులు మీద రాసే అధికారం ఇవ్వలేదు, చదవడానికి ఒక వ్యూ మాత్రమే ఇచ్చాను. తలుపు దగ్గర నించునేవాడు పుస్తకం దిద్దకూడదు, 1802 నాటి సంగతే. రెండోది, తొమ్మిది వాళ్ళని తేలేదాకా ఆపాను. మూడోది, ఆపిన ప్రతి చోటా కారణం, ఆపిన తేదీ, ఎవరిని సంప్రదించాలో తెర మీద కనపడేలా పెట్టాను. ఈ మూడోదానికి బడ్జెట్ లేదన్నారు. రెండు శనివారాలు కూర్చుని చేశాను.

ఆ తర్వాత ఆ రిటైరైన పెద్దాయన ఫోను నంబరు సంపాదించాను. రెండోసారి రింగయ్యాక ఎత్తారు. విషయం చెప్తే పెద్దగా నవ్వి, "ఇన్నేళ్ళకి ఒకళ్ళు అడిగారు" అన్నారు. తొమ్మిది అంటే ఖాతా మీద వారసుల మధ్య కోర్టు కేసు ఉన్నవాళ్ళట. తేలేదాకా ఎవరికీ ఏమీ చూపించొద్దని అప్పట్లో అనుకున్నారట. కేసు తేలినవాళ్ళని తిరిగి ఒకటికి మార్చాలి, ఆ పని ఎవరికీ అప్పజెప్పకుండానే ఆయన రిటైరైపోయారు.

మా తాత ఎర్ర సిరా 'త'.

అందర్నీ రానిచ్చేసి ఉంటే, తగాదాలో ఉన్న ఖాతా ముందు లాగిన్ అయినవాడి చేతికి వెళ్ళేది. శాశ్వతంగా ఆపేసి ఉంటే, కేసు గెలిచినవాళ్ళు మా చిన్నాన్నలాగా కౌంటర్ల చుట్టూ తిరిగేవారు. ఆయనతో గంటసేపు మాట్లాడి మొత్తం రాసుకున్నాను. ఇప్పుడు ఆ స్కీమాలో ప్రతి కాలమ్ పక్కనా దాని అర్థం, అది చెప్పినవాళ్ళ పేరు, తేదీ ఉన్నాయి.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నడవలో తాత పెట్టె చూశాను. ఇప్పుడందులో పిన్ని రగ్గులు పెట్టుకుంటోంది. అడుగున ఆ రసీదు ఇంకా ఉంది, పుస్తకాలు ఎన్నో అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి. మీరు కూడా ఎవరి దగ్గర్నించైనా సిస్టమ్ అప్పగింత తీసుకుంటుంటే, టేబుళ్ళు లెక్కపెట్టుకుని సంతకం పెట్టేసి వచ్చెయ్యకండి. ఎర్ర సిరా ఎక్కడుందో అడగండి. మా తాతలాంటివాళ్ళు అడిగితే చెప్తారు. అడగకపోతే మాత్రం చెప్పరు.